హెయిర్‌పిన్నుకు లొంగని తాళం

సినిమాల్లో తాళం తీయడమంత సులువైన పని ఇంకొకటి లేదు! హీరోయిన్ జడలోంచి ఒక పిన్ను లాగుతుంది. రెండు తిప్పులు... క్లిక్! హీరోగారికి అంత ఓపిక కూడా ఉండదు, ఒక్క తూటాతో సరి. కృష్ణగారు 'గూఢచారి 116'గా తెరమీదికొచ్చిన 1966 నుంచి ఈనాటి దాకా, నేను చూసినంతలో, మన సి.ఐ.డి.లెవరూ తాళం ముందు అరనిమిషం మించి నిలబడిన పాపాన పోలేదు.

నేను మాత్రం సిద్దిపేటలో ఒక తాళం ముందు పూటంతా కూర్చున్నాను. అదేమైనా వజ్రాల పెట్టా అంటే అదీ కాదు. నాలుగు సొరుగుల పాత ఇనప ఫైళ్ల బీరువా!

మా మేనమామ ఊళ్లో ఒక సినిమాహాలుకు మేనేజరు. హాలు మూతపడింది, ఆ తర్వాత పడగొట్టారు, ఆ జాగాలో దుకాణాలు లేచాయి. సామాను తలా ఒకటి పట్టుకుపోగా మామయ్య వాటాకి ఈ బీరువా వచ్చింది. వరండాలో పెట్టి దాని నెత్తిన మనీప్లాంటు కుండీ ఉంచారు. మామయ్య పోయాక తాళంచెవి ఎక్కడుందో ఎవరికీ తెలీదు. పాత ఇనప సామాన్లవాడికి కిలోల లెక్కన వేసేద్దామని అత్తమ్మ నిశ్చయం.

అప్పుడొచ్చాడు ఆపరేటర్ తాత.

ఆపరేటరంటే ఎవరో ఈ తరానికి కాస్త చెప్పాలి. రెండు కార్బన్ కడ్డీల కొసల మధ్య మంట పుట్టించి, ఆ వెలుగును ఫిల్ము గుండా తెరమీదికి పంపేవాడాయన. కడ్డీలు కాలినకొద్దీ దగ్గరికి జరుపుతూ ఉండాలి. ఒక ప్రొజెక్టర్‌లో రీలు అయిపోయే క్షణానికి రెండోది అందుకోవాలి. రెప్పపాటు ఆలస్యమైతే తెర తెల్లబోయేది, నేల క్లాసు లేచి కూర్చునేది! చప్పట్లు హీరోకి, తిట్లు ఆపరేటర్‌కి. ఎంత న్యాయమో చూశారా!

"మేనేజర్ సాబ్ నా లెక్కలన్ని అండ్లనే పెట్టిండమ్మా. జర అమ్మకుండ్రి" అన్నాడు తాత, గడప అవతలే నిలబడి.

సంగతేమిటంటే, 1981లో సినిమా కార్మికుల కోసం కేంద్రం ఒక చట్టం చేసింది. అయిదుగురు, అంతకు మించి పనివాళ్లున్న సినిమాహాలుకు ప్రావిడెంట్ ఫండు వర్తిస్తుందని అందులో రాశారు. ఆ పైన 1995లో పింఛను పథకం వచ్చింది. నెలనెలా పింఛను చేతికి రావాలంటే పదేళ్ల సర్వీసు ఉండి తీరాలి. తాత 1984 నుంచి 2010 దాకా ఆ బూత్‌లో నిలబడ్డాడు, ఇరవయ్యారేళ్లు! లెక్కల్లో మాత్రం ఎనిమిదే కనిపిస్తున్నాయి. మిగతావాటికి రుజువు తెమ్మన్నారట. 2014 నుంచి కనీస పింఛను వెయ్యి రూపాయలు. వెయ్యేనా అని మీరనొచ్చు. తాత బి.పి. మాత్రల చీటీ చూస్తే అనరు.

ఇక మొదలైంది మా క్లైమాక్సు. మా మరదలు డిగ్రీ రెండో ఏడు, సినిమా పిచ్చిలో నాకంటే రెండాకులు ఎక్కువ. వరసగా మూడు హెయిర్‌పిన్నులు వంచింది. తాళం నవ్వింది. పక్క వెల్డింగు షాపు కుర్రాడు గ్యాస్ కట్టర్ తెస్తానన్నాడు. తాత అడ్డం పడ్డాడు. "నిప్పురవ్వ లోపట వడ్డదంటే కాయితం బూడిదైతది. పెట్టె తెరిసి నేనేం జేసుకోవాలె బిడ్డా?" నిజమే కదా! డ్రిల్లుతో తాళాన్ని తొలిచేయొచ్చు గానీ దాన్ని ఆఖరి మాటగా పెట్టుకున్నాం.

ఆ బీరువా పై మూలన బొత్తాం లాంటి తాళం ఉంది. నొక్కితే లోపల నిలువుగా ఉన్న కమ్మీ కదిలి నాలుగు సొరుగుల్నీ ఒక్కసారే పట్టేస్తుంది. కనక ఏ సొరుగు గుంజినా దండగే, కీలకమంతా ఆ బొత్తాంలోనే. ఇలాంటి తాళాల మొహం మీద ఒక్కోసారి చిన్న నంబరు ఉంటుంది. దాన్ని బట్టి తాళంచెవి చేయించుకోవచ్చు. మాదాని మొహం అరిగి నున్నగా ఉంది.

పాత బస్టాండు దగ్గర తాళంచెవులు చేసే సర్దార్జీని వెంటబెట్టుకొచ్చాను. ఆయన ముందు తాళం వైపు చూడలేదు. "బీరువా ఎవరిది?" అన్నాడు. అత్తమ్మ బయటికొచ్చి నాదేనయ్యా అన్నాకే సంచీ విప్పాడు.

ఆయన పని నాకు సినిమాకన్నా బాగుంది. తాళంలో రెండు చుక్కల నూనె పోశాడు. పళ్లు కోయని తాళంచెవి ఒకటి కొవ్వొత్తి మీద పెట్టి నల్లగా మసి పట్టించాడు. తాళంలో దూర్చి, గట్టిగా తిప్పబోయి, మెల్లగా బయటికి తీశాడు. మసిలో ఒకటి రెండు చోట్ల చుక్కలు మెరుస్తున్నాయి. లోపలి రేకులు అడ్డుపడ్డ చోటన్నమాట! సరిగ్గా అక్కడే ఆకురాయితో రెండు రాపుళ్లు. మళ్లీ మసి, మళ్లీ తిప్పడం, మళ్లీ చూడడం.

"ఎక్కడ కోయాలో తాళమే చెప్తది సాబ్. మనం వినాలె, అంతే."

గంటంబావు విన్నాడు. టక్కుమని బొత్తాం బయటికి దూకింది. మరదలు ఈల వేసింది, అత్తమ్మ వినపడనట్టు ఊరుకుంది.

పై సొరుగు నిండా డి.సి.ఆర్.లు, అంటే రోజువారీ వసూళ్ల కాగితాలు. రెండోదాంట్లో పాటల పుస్తకాలు, 'పొగ త్రాగరాదు' గాజు స్లైడ్లు. నా ప్రాణం అక్కడే ఉండిపోయింది. ఎందుకంటారా? మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' ప్రింటు ఈనాడు లేదు. అది విడుదలైంది 1931లోనని చాన్నాళ్లు అనుకున్నాం. పాత్రికేయులు రెంటాల జయదేవ పాత కాగితాలు తవ్వి, సెన్సారయింది 1932 జనవరి 22న, విడుదల ఫిబ్రవరి 6న అని తేల్చారు. బొమ్మ పోయినా కాగితం మిగిలింది!

తాత మాత్రం అటు చూడనే లేదు. మూడో సొరుగులో జీతాల రిజిస్టర్లు. నేలమీద చతికిలబడి ఒక్కో పేజీ తిప్పాడు. ప్రతి నెలా రెవెన్యూ స్టాంపు మీద అడ్డంగా ఆయన వంకర సంతకం, పక్కన పి.ఎఫ్. కోత. 1989, 1990, 91... వేలు పెట్టి చూపిస్తూ పోయాడు. చివర్న కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మసి పడిందన్నాడు. కొవ్వొత్తి ఆరిపోయి అప్పటికి అరగంట!

మర్నాడు జిరాక్సులు తీయించి అప్పజెప్పి వచ్చాం. రశీదు ఇచ్చారు, లెక్క సరిచూస్తామన్నారు. ఇంకా చూస్తూనే ఉన్నారు.

ఆ రశీదు జేబులో పడ్డాక గానీ తాతకు పాటల పుస్తకాల మీదికి కన్ను పోలేదు. మరదలు ఒకటి తీసి, "ఇది మన హాల్లో ఎన్నాళ్లాడింది తాతా?" అంది. (పేరు చెప్పను, నిర్మాతగారి వారసులు నొచ్చుకుంటారు!)

"పదకొండు దినాలు. రెండో రీలు ఊకె తెగేది" అన్నాడు, పుస్తకం ముట్టుకోకుండానే.

మరదలు వదుల్తుందా? పై సొరుగు లాగి డి.సి.ఆర్.లు ఒక్కొక్కటే లెక్కపెట్టింది. పదకొండే.