మూడు ఊళ్లు... ఒక రాత్రి పరీక్ష

మధ్యాహ్నం పన్నెండింటికి మొదలై మర్నాడు మధ్యాహ్నం పన్నెండింటికి ముగిసే సైకిల్ పోటీ అది. మట్టి బాట, రాళ్లు, ఎగుడుదిగుడులు. ఎండా వాడిదే, చీకటీ వాడిదే... ఎవరికి వంతు వస్తే వాడిది. జట్టులో నలుగురుంటే ఒకరు తొక్కుతారు, ముగ్గురు ఎదురుచూస్తారు. మనిషి మారతాడు, చక్రం మాత్రం ఆగకూడదు. దాన్నే ఎండ్యూరెన్స్ రిలే అంటారు.

ఇలాంటి పోటీకి తయారవ్వాలంటే హిమాలయాలకే వెళ్లాలా? అక్కర్లేదు. పాత కరీంనగర్ జిల్లాలో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అని మూడు ఊళ్లున్నాయి. ఒకచోట ఎక్కడానికి గుట్ట, ఒకచోట తొక్కడానికి కాలువ గట్టు. మూడోచోట ఏముందో మేం నలుగురం వెళ్లాకగానీ తెలియలేదు.

అడవిలో పుట్టిన ఆట

కొండదారుల్లో తొక్కే మౌంటెన్ బైక్‌కి 24 గంటల రిలే జత కలిసింది అమెరికాలో. 1992లో వెస్ట్ వర్జీనియాలోని కేనన్ లోయలో జరిగిన పోటీతో ఈ ఆటకు పేరొచ్చింది. ఆ తర్వాత యూరప్‌కీ పాకింది. స్కాట్లండ్‌లో అయితే జనవరి చలిలో, పగలు కంటే రాత్రి రెట్టింపు ఉండే రోజుల్లో పెడతారు! మౌంటెన్ బైక్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లోకి కూడా 1999లో రిలే వచ్చింది. అది మాత్రం రాత్రంతా సాగేది కాదు, ఒక్కొక్కరికి ఒక్క చుట్టే.

మనవాళ్లూ వంతులవారీ తొక్కుడులో తక్కువేం కాదు. 2015లో నాసిక్‌కి చెందిన డాక్టర్ అన్నదమ్ములు హితేంద్ర మహాజన్, మహేంద్ర మహాజన్ అమెరికాను ఒక తీరం నుంచి మరో తీరానికి, దాదాపు 4,800 కిలోమీటర్లు, తొమ్మిది రోజుల్లోపే దాటేశారు. ఒకరు తొక్కుతుంటే ఒకరు కునుకు తీశారు. అది తారు రోడ్డు పోటీయే కానీ సూత్రం ఒకటే. బలం సగం, పంపకం సగం.

ఆ పంపకమే మాకు చిక్కు తెచ్చింది. మా నలుగురిలో ఒకరు బ్యాంకు ఉద్యోగి, ఒకరు జూనియర్ లెక్చరర్, ఒకడిని నేను. నాలుగో అతను సిరిసిల్లలో సాంచాలు నడిపే కార్మికుడు. మరమగ్గాన్ని అక్కడ సాంచా అనే అంటారు. రోజూ పనికి సైకిల్ మీదే వెళ్లే మనిషి అతను. ఎక్కుడు వస్తే మాత్రం వెనకబడతాడు. ‘అతని బదులు కుర్రాణ్ని ఎవరినైనా తీసుకుందాం’ అన్న మాట మొదటి వారంలోనే వచ్చింది. తేల్చుకోవడానికే ఈ మూడు ఊళ్ల చుట్టు పెట్టుకున్నాం.

జగిత్యాల: ఎక్కడం కాదు, దిగడం

జగిత్యాల కోట దగ్గర బయల్దేరాం. నక్షత్రం ఆకారంలో, చుట్టూ కందకంతో ఉండే ఈ కోటను 1747లో కట్టారంటారు. కట్టిన ఫ్రెంచి ఇంజినీర్లు జాక్, తాల్ పేర్ల మీదుగానే ఊరికి ఆ పేరొచ్చిందని జనం చెప్పుకుంటారు. అక్కడి నుంచి కరీంనగర్ దారిలో సుమారు 15 కిలోమీటర్లు వెళ్తే కొండగట్టు. అంజన్న గుట్ట అంటే తెలియనివారు ఈ చుట్టుపక్కల ఉండరు.

సైకిలిస్టుకి ఆ గుట్ట పెద్ద గురువు. కింద పడుతూ లేస్తూ వేగంగా ఎక్కినవాడు పైకి చేరేసరికి గుండె దడతో కూర్చుంటాడు. చిన్న గేరు వేసుకుని, మాట్లాడగలిగేంత ఊపిరి మిగుల్చుకుని ఎక్కినవాడు వెంటనే ఇంకో చుట్టు వేయగలడు. రిలేకి కావలసింది ఆ రెండోవాడు. సాధనలో ఎక్కువ భాగం అలా నింపాదిగా సాగాలనీ, కొద్ది భాగమే ఒళ్లు విరిచేలా ఉండాలనీ శిక్షకులు చెప్పేది ఇందుకే.

దిగడం అంతకంటే పెద్ద పాఠం. 2018 సెప్టెంబర్ 11న ఈ ఘాట్ రోడ్డు మీదే ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. ఆ మలుపుల్లో సైకిల్ వదిలేయాలని ఎవరికీ అనిపించదు. పిరుదులు సీటు వెనక్కి జరిపి, రెండు బ్రేకులూ ముందుగానే కొద్దికొద్దిగా పట్టి, మలుపులోకి రాకముందే వేగం తగ్గించుకోవాలి. ఎక్కేటప్పుడు అందరికంటే వెనకున్న మా సిరిసిల్ల మిత్రుడు దిగేటప్పుడు మాత్రం ఒక్కసారి కూడా జారలేదు. ‘తొందరేమున్నదన్నా, ఇంకా తొక్కేది ఉన్నది గదా’ అన్నాడు. అప్పటికి ఆ మాటను మేం పెద్దగా పట్టించుకోలేదు.

కోరుట్ల: కాలువ గట్టు మీద కసరత్తు

జగిత్యాల నుంచి కోరుట్ల సుమారు 25 కిలోమీటర్లు. దారిలో చల్‌గల్ మామిడి మార్కెట్, ఆ తర్వాత వరి, మక్క, పసుపు చేలు. పసుపు ఉడకబెట్టే కాలంలో వస్తే ఊరు రాకముందే వాసన వస్తుంది. ఇంటింటికీ బీడీల చాట, వీధివీధికీ గల్ఫ్ కబురు ఉండే ఊరు కోరుట్ల. ఒకప్పుడు సైకిల్ మీద పొలానికి వెళ్లిన ఇళ్లలో ఇప్పుడు మోటారు సైకిళ్లున్నాయి. సైకిల్ తొక్కుతూ పోతే ‘బండి ఖరాబయిందా బిడ్డా?’ అని జాలిగా అడిగిన పెద్దమ్మలూ ఉన్నారు!

మట్టి బాట సాధనకు ఇక్కడ కొదవ లేదు. పోచంపాడు నుంచి మధ్య మానేరు దాకా 122 కిలోమీటర్లు సాగే వరద కాలువ ఈ ప్రాంతం మీదుగానే పోతుంది. కాకతీయ కాలువ కూడా దగ్గర్లోనే. గట్ల వెంట కంకర, ఎర్రమట్టి, ట్రాక్టర్ల గాడులు. తారు రోడ్డు మీద నింపినంత గాలి ఇక్కడ పనికిరాదు. టైరులో గాలి కాస్త తగ్గిస్తేనే నేలను పట్టుకుంటుంది. మరీ తగ్గిస్తే రాయి తగిలి ట్యూబు నలిగిపోతుంది. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు గట్టు అంచుకి పోకూడదు, ఒంటరిగా అసలే పోకూడదు.

ఎండ సంగతి చెప్పనే అక్కర్లేదు. మే నెలలో జగిత్యాల జిల్లాలో 45 డిగ్రీలు దాటిన రోజులు కొత్త కాదు. వేడికి ఒళ్లు అలవాటు పడటానికి పది, పద్నాలుగు రోజులు పడుతుంది. అందుకే తెల్లవారుజామున మొదలుపెట్టి, రోజూ కొంచెం కొంచెంగా ఎండలోకి జరగాలి. గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్లు, అందులో చిటికెడు ఉప్పు, నిమ్మరసం. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి. ఒక అరటిపండు, ఓ బెల్లం ముక్క అందులో చాలావరకు సరిపెడతాయి. వంతుకీ వంతుకీ మధ్య మాకు అన్నిటికంటే ఒంటికి పట్టినవి శనగ గుడాలు, అటుకులు. ఖరీదైన పొట్లాలు సంచిలోనే ఉండిపోయాయి.

సిరిసిల్ల: ఆగని సాంచా

కోరుట్ల నుంచి కథలాపూర్, రుద్రంగి, చందుర్తి మీదుగా వేములవాడ. రాజన్నకు దండం పెట్టుకుని ఇంకో 11 కిలోమీటర్లు పోతే మానేరు ఒడ్డున సిరిసిల్ల. మొత్తం సుమారు 60 కిలోమీటర్లు. మధ్యలో గుట్టలున్నాయి. కోతల కాలమైతే రోడ్డు సగం వడ్లకే పోతుంది. ఆరబోసిన కుప్పల చుట్టూ పెట్టిన రాళ్లు చీకట్లో కనబడవు. హ్యాండిల్‌కి ఒక లైటు, హెల్మెట్‌కి ఒక లైటు ఎందుకుండాలో ఆ రాళ్లే నేర్పుతాయి.

సిరిసిల్ల పొలిమేరలోకి రాగానే ముందు చెవులకు తెలుస్తుంది. టకటక టకటక... వేల సాంచాల చప్పుడు. పన్నెండు గంటల షిఫ్టు. ఒక్కరే ఎన్నో సాంచాలు చూసుకోవాలి. కండె అయిపోతే మార్చాలి, పోగు తెగితే అతకాలి. షిఫ్టు మారే వేళ దిగేవాడు ఎక్కేవాడికి నాలుగు మాటల్లో చెప్పేస్తాడు... ఏ సాంచా మొరాయిస్తోంది, ఎక్కడ పోగులు తెగుతున్నాయి అని. మనిషి మారతాడు, సాంచా మాత్రం ఆగదు. మేం పుస్తకాల్లో వెతుక్కున్న రిలే ఇక్కడ ప్రతి వీధిలోనూ జరుగుతోంది!

ఆ రాత్రే పరీక్ష పెట్టుకున్నాం. సిరిసిల్ల శివారులో మట్టి బాటలు కలిపి ఒక చుట్టు గీసుకున్నాం. సాయంత్రం ఒక వంతు, తెల్లవారుజామున ఒక వంతు. మాలో అందరికంటే వేగంగా తొక్కే లెక్చరర్ సాయంత్రం చుట్టు 52 నిమిషాల్లో కొట్టేశాడు. మా సాంచాల మిత్రుడికి 64 నిమిషాలు పట్టింది. ‘చూశారా!’ అన్నట్టు ముఖాలు చూసుకున్నాం. తెల్లవారుజామున లెక్క మారింది. నిద్ర ముంచుకొచ్చే రెండు నుంచి ఐదు గంటల మధ్య ఒళ్లు ఎవరి మాటా వినదు. లెక్చరర్‌కి 81 నిమిషాలు పట్టింది. అతనికి 66. రెండూ కలిపితే ఒకరిది 133, మరొకరిది 130. అందరికంటే వెనకున్నవాడు మూడు నిమిషాలు ముందున్నాడు.

పైగా వంతు ఇచ్చేటప్పుడు అతనొక్కడే దిగుతూనే చెప్పాడు: ‘చింతచెట్టు దాటినంక ఇసుక ఉన్నది, ఎడమకు పో. కుక్కలు రెండున్నయి, లైటు కొట్టు, ఊకుంటయి.’ సాంచా అప్పజెప్పినట్టే! మిగతా ముగ్గురం ‘అబ్బ’ అని కూలబడటం తప్ప ఏమీ చెప్పలేదు. ఆ రాత్రి తర్వాత మనిషిని మార్చే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. చీకటి వంతులు అతనికి, ఎక్కుళ్లకు కాళ్లు తాజాగా ఉండే మొదటి వంతులు లెక్చరర్‌కి అని రాసుకున్నాం.

అయితే అసలు ప్రశ్న అతనే అడిగాడు: ‘ప్రాక్టీసుకు వస్త గని, కూలి పోతది గదా అన్నా?’ సాంచా నడిస్తేనే కూలి. 2017 నుంచి కొన్నేళ్లు బతుకమ్మ చీరల ఆర్డర్లతో సిరిసిల్లకు చేతినిండా పని దొరికింది. ఆర్డరున్నప్పుడు పని, లేనప్పుడు ఎదురుచూపు... ఇదీ ఇక్కడి బతుకు. పని ఉన్న రోజును ఆట కోసం వదులుకోమని ఎవరు చెప్పగలరు? మా ముగ్గురికి ఆదివారం సెలవు కాబట్టి ప్రాక్టీసూ ఆదివారమే అనుకున్నాం. ఇప్పుడు ఆ పద్ధతి మార్చుకున్నాం. అతని షిఫ్టు చూసుకున్నాకే తేదీ పెడుతున్నాం. సాంచా ఖాళీగా ఉన్న రోజే మా సైకిళ్లు సిరిసిల్ల చేరతాయి. సెలవులు మేం పెట్టుకుంటాం, కూలి మాత్రం పోనివ్వం.

మీరూ వెళ్లాలంటే...

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, వేములవాడ, కొండగట్టు కలుపుకొని తిరిగి జగిత్యాల చేరితే ఇంచుమించు 150 కిలోమీటర్లు. కొత్తవాళ్లు రెండు రోజులు పెట్టుకోవడం మంచిది. పెద్దపల్లి-నిజామాబాద్ రైలు మార్గంలో లింగంపేట-జగిత్యాల, కోరుట్ల స్టేషన్లున్నాయి. వేములవాడలో బస దొరుకుతుంది కానీ సోమవారాలు, శివరాత్రి రోజుల్లో రద్దీ ఎక్కువ. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. పంక్చర్ సామాను, చిన్న పంపు, అదనపు ట్యూబు, రెండు లైట్లు తప్పనిసరి. నలుగురు కలిసి వెళ్తుంటే ఒక మాట. వేగం చూసి వంతులు పంచుకోకండి. ఒక రాత్రి కలిసి తొక్కాక పంచుకోండి.