మెతుకుసీమలో క్రిస్మస్

క్రిస్మస్ ముందురోజు బాలానగర్‌లో మెదక్ బస్సు ఎక్కాను. నెలల తరబడి పట్టి ఉన్న దిగులుకు డాక్టరు ఇచ్చిన మందులతో నిద్ర కొంత కుదిరింది, మనసే కుదరలేదు. ఇంటిమీద స్టార్ కట్టి, వచ్చినవాళ్లందరికీ నవ్వుతూ కేకు పెట్టే ఓపిక లేదు. పండగ పూట దిగులుపడితే విశ్వాసం చాలలేదనే మాట మా సంఘాల్లో తేలిగ్గా వచ్చేస్తుంది. అది ఎంత లోతుగా గుచ్చుకుంటుందో పడినవాళ్లకే తెలుసు.

నర్సాపూర్ అడవి, కౌడిపల్లి, కొల్చారం దాటాక మెదక్. 175 అడుగుల చర్చి శిఖరం ఊరంతటికీ పైన నిలబడి ఉంది. 1914లో చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే వెస్లియన్ మిషనరీ పనులు మొదలుపెట్టించారు. కరువులో ఉన్న జనానికి పని చూపించి, ఆ పనికి తిండి పెట్టారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ. గోతిక్ శిల్పం గురించి అందరూ చెబుతారు గానీ, నాకది ఆకలిగొన్నవాళ్లు లేపిన గుడి. సంతోషంగా ఉన్నవాళ్లకే ఇక్కడ చోటని ఎలా అనుకోగలను?

రాత్రి ఆవరణంతా డేరాలు, చెట్ల కింద పొయ్యిలు. చిన్న బైబిల్లో 88వ కీర్తన తీశాను. తక్కిన మొరలు చాలావరకు చివరికి స్తుతివైపు మళ్లుతాయి. ఇది చీకటిలోనే ఆగిపోతుంది. అయినా అదీ ప్రార్థనే. దేవుడి ముందు ముఖం మార్చుకోనక్కరలేదని ఆ పేజీ నాకు ధైర్యమిచ్చింది.

పక్క డేరా అవ్వ చూసింది. "ఏం బిడ్డా, నిద్ర వస్తలేదా?"

"మనసు బాగలేదవ్వా."

"నాకు బాగుండే వచ్చిన్ననుకున్నవా?" అంటూ తన చెద్దరు సగం నా మీద కప్పింది. ఇంకేమీ అడగలేదు.

తెల్లవారుజాము ఆరాధనకు లోపల కాలు పెట్టే సందు లేదు. రంగు అద్దాల కిటికీలు చీకట్లో నల్లగా ఉన్నాయి. వెలుగు బయటనుంచి పడితేనే వాటిలో బొమ్మలు కనిపిస్తాయి. పొద్దెక్కాక ముందు తూర్పు కిటికీ వెలిగింది. అందులో ఉన్నది సిలువ. పశువుల తొట్టి బొమ్మ పడమటి కిటికీలో ఉంది. పుట్టినరోజు పొద్దున మొదట బాధనే చూపించే ఆ గుడిలో, చాలా రోజుల తర్వాత నోరు తెరిచి పాడాను. గొంతు వణికింది, పాట మాత్రం ఆపలేదు.

బయటికొచ్చి కామారెడ్డిలో ఉండే అక్కకు ఫోన్ చేసి, నెలలుగా దాచినదంతా చెప్పాను. "బస్సెక్కు, అన్నం వండుతా" అంది. హైదరాబాదు బస్సు వదిలేసి కామారెడ్డి బస్సెక్కాను.