బొప్పాయి ఆకుల కోసం వచ్చేవాళ్లకు ఒక మాట

వానలు మొదలైతే చాలు, బొప్పాయి తోటలున్న మాలాంటి వాళ్లకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, పిల్లాడికి డెంగీ అంటున్నారు, నాలుగు ఆకులు కావాలి" అని. ఆకులివ్వడానికి నాకేం నష్టం లేదు. కానీ తీసుకెళ్లేముందు ఇది చదవండి.

ఆ ఆకుల మీద పిండినల్లికి మందు కొట్టి ఉంటాం. కడిగినా అంతా పోదు. పైగా ఆ రసం కటిక చేదు. అసలే వాంతులతో ఉన్న పిల్లల చేత తాగిస్తే, ఒంట్లో ఉన్న కాస్త నీరూ బయటికొచ్చేస్తుంది.

మనమంతా ప్లేట్‌లెట్ల అంకె చూసి భయపడతాం. పిల్లల్లో ఎక్కువగా ప్రాణం మీదికి తెచ్చేది అది కాదు. వైరస్‌తో ఒళ్లు చేసే పోరాటంలో రక్తనాళాల గోడలు వదులవుతాయి. కాలువ గట్టు ఊటెత్తినట్టు రక్తంలోని నీరు బయటికి కారిపోతుంది. రక్తం చిక్కబడుతుంది, బీపీ పడిపోతుంది. ఇది జరిగేది జ్వరం వచ్చిన 3 నుంచి 7 రోజుల మధ్య, అదీ జ్వరం తగ్గేటప్పుడు. మనం "హమ్మయ్య" అనుకునే రోజే అసలు కాపలా కాయాల్సిన రోజు.

"మావాడు బొద్దుగా ఉంటాడు, తట్టుకుంటాడు" అనుకోవద్దు. బరువు ఎక్కువున్న పిల్లలకూ, ఇదివరకు ఒకసారి డెంగీ వచ్చినవాళ్లకూ ముదిరే ప్రమాదం ఎక్కువ. ఈ వైరస్‌లో 4 రకాలున్నాయి. ఒక రకానికి తయారైన యాంటీబాడీలు, ఇంకో రకం వచ్చినప్పుడు దాన్ని ఆపకపోగా కణాల్లోకి దారి చూపించొచ్చు.

మరి ఏం ఇవ్వాలి? ఓఆర్‌ఎస్, ఉప్పేసిన గంజి, కొబ్బరినీళ్లు, పల్చటి మజ్జిగ. గుక్క గుక్కగా, మాటిమాటికీ. ఉత్త నీళ్లొక్కటే చాలవు. తినగలిగితే మెత్తటి పప్పన్నం, ఇడ్లీ, గుడ్డు. బలవంతంగా కుక్కొద్దు. బీట్‌రూట్ రసం ఇప్పుడొద్దు, వాంతి అయితే రక్తమో రసమో తెలీదు. జ్వరానికి డాక్టర్ చెప్పిన మోతాదులో పారాసిటమాల్ మాత్రమే. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ ఇవ్వకండి. 4-6 గంటలకోసారైనా మూత్రం పోస్తున్నారో లేదో చూసుకోండి.

తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలో రక్తం, మత్తుగా పడి ఉండటం, కాళ్లూచేతులూ చల్లబడటం... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అర్ధరాత్రైనా సరే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్లేట్‌లెట్ రిపోర్టు కోసం ఆగొద్దు.

ఇంకొక్క మాట. ఈ దోమ పగలు కుడుతుంది, ఎక్కువగా మంచినీళ్లలో గుడ్లు పెడుతుంది. మందు కలిపే డ్రమ్ములు, పశువుల తొట్లు, కొబ్బరి చిప్పలు వారానికోసారి ఖాళీ చేసి ఆరబెట్టండి. పిల్లలున్న ఇళ్లకు ఈ పోస్టు పంపండి.