మూడు జకారాల ఊరు

స్కాట్లండు తూర్పు తీరాన, టే నది సముద్రంలో కలిసేచోట డండీ అనే ఊరుంది. జనపనార, జామ్, జర్నలిజం - ఈ మూడింటితో పెరిగిన ఊరని దానికి పేరు. ఇంగ్లీషులో మూడూ ఒకే అక్షరంతో మొదలవుతాయి. మన అదృష్టం కొద్దీ తెలుగులోనూ అంతే. మా అమ్మాయి అక్కడ చదువుకుంటూ ఉండటంతో కిందటి వేసవిలో మేమిద్దరం వెళ్ళి వారం రోజులు ఉండి వచ్చాం. ఎడింబరో కోట, సరస్సులు అందరూ రాసినవే కనుక వాటి జోలికి పోను.

గోనెసంచుల లెక్క చూసి మిల్లులకు అప్పులిచ్చిన బ్యాంకు ఉద్యోగం నాది. అందుకని ముందు వెర్డంట్ వర్క్స్ అనే పాత జనపనార మిల్లు చూడబోయాను. ఇప్పుడది మ్యూజియం. బెంగాల్ నుంచి ఓడల్లో వచ్చిన నారను తిమింగలం నూనెతో మెత్తబరచి ఈ ఊళ్ళో నేసేవారు. తర్వాత హుగ్లీ ఒడ్డున మిల్లులు లేచి డండీని మించిపోయాయి. ఆ మిల్లుల్లో పనికి శ్రీకాకుళం, గంజాం వైపు నుంచి మనవాళ్ళు ఎందరో వెళ్ళారు. బరంపురం పాఠకుల ఇళ్ళలో ఆ కథలు ఇంకా వినిపిస్తూ ఉండవచ్చు. డండీలో మాత్రం, కూలి తక్కువ ఇవ్వవచ్చని మిల్లుల్లోకి ఎక్కువగా ఆడవాళ్ళనే తీసుకునేవారు. పని లేక ఇంటి పట్టున ఉండే మగవాళ్ళకు 'కెటిల్ కాచేవాళ్ళు' అని ఊళ్ళో పేరు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి.

ఊరి నడిబొడ్డున హైస్ట్రీటులో ఏ రాజుగారి విగ్రహమో ఉంటుందనుకుంటాం. అక్కడున్నది డెస్పరేట్ డాన్! కొమ్ములతో సహా ఆవును పిండిలో కాల్చుకు తినే మొరటు కౌబాయ్. 2001లో పెట్టిన కంచు విగ్రహం. వెనక నుంచి మినీ ది మింక్స్ అనే గడుగ్గాయి ఉండేలుతో గురి చూస్తూ ఉంటుంది. ఇద్దరూ ఆ ఊరి డి.సి. థామ్సన్ సంస్థ పిల్లల పత్రికల్లో పుట్టినవాళ్ళే. 'డాండీ' 1937 డిసెంబరులోను, 'బీనో' 1938 జూలైలోను మొదలయ్యాయి. 1950లో బీనో ఒక్కటే వారానికి 20 లక్షల దాకా అమ్ముడయ్యేది. డాండీ అచ్చు 2012లో ఆగింది. బీనో ఇప్పటికీ వారం వారం వస్తోంది.

పాత సంచికల పునర్ముద్రణలు నాలుగైదు కొని, రాత్రిళ్ళు కూర్చుని చూశాను. కథల కంటే గీతలే నన్ను పట్టుకున్నాయి. 1951లో డెన్నిస్ ది మెనేస్‌ను సృష్టించిన డేవిడ్ లా గీత తొందరగా, గీరినట్టుగా ఉంటుంది. పిల్లవాడు పరుగెత్తుతుంటే గీత కూడా వాడితోపాటే పరుగెత్తిందా అనిపిస్తుంది. బాపుగారి బుడుగుకు కదలకుండా నిలబడి కూడా అల్లరి చేయడం తెలుసు. డెన్నిస్‌కు అది చేతకాదు. మినీని, బాష్ స్ట్రీట్ కిడ్స్‌ను గీసిన లియో బాక్సెండేల్ ఒక్క గడిలో తిరునాళ్ళంత జనాన్ని ఇరికిస్తారు. ఒక మూల ఎలుక, మరో మూల చిరిగిన అట్ట, దేని హాస్యం దానిదే. ఆ బొమ్మలపై హక్కుల కోసం ఆయన థామ్సన్ సంస్థతో ఏడేళ్ళు పోరాడారు. 1987లో కోర్టు బయట రాజీ కుదిరింది. ఆ రోజుల్లో ఆ పత్రికల్లో చిత్రకారుల పేర్లు వేసే అలవాటు ఉండేది కాదు. పిల్లలకు డెన్నిస్ తెలుసు గాని లా ఎవరో తెలియదు.

అన్నట్టు, తమిళనాట పెరిగిన మావంటివారికి బ్రిటిష్ బొమ్మల కథలు కొత్త కాదు. 1972లో శివకాశి నుంచి ముత్తు కామిక్స్ 'ఇరుంబుక్కై మాయావి'తోనే మొదలైంది. ఆ ఉక్కుచేతివాడు లండన్ పత్రిక 'వాలియంట్' నుంచి వచ్చినవాడు. గీసినది స్పెయిన్ దేశస్థుడు హేసూస్ బ్లాస్కో. వెలుగునీడల పనితనం ఆయనది. డండీ వారిది వేరే బాణీ.

ఆ బాణీకి పెద్ద దిక్కు డడ్లీ వాట్కిన్స్. సంతకం చేసుకోనిచ్చిన కొద్దిమందిలో ఆయన ఒకరు. 1907లో మాంచెస్టర్ దగ్గర పుట్టి, నాటింగ్‌హామ్‌లో పెరిగిన ఇంగ్లీషు మనిషి. 1925లో ఆరు నెలల పరీక్ష ఉద్యోగానికి డండీ వచ్చి, ఇక కదల్లేదు. 1936 మార్చి 8 నుంచి 'సండే పోస్ట్'లో ఆయన గీసిన 'ది బ్రూన్స్' స్కాట్లండు ప్రజలకు సొంత ఇల్లయింది. ఒకే వంటింట్లో పదకొండు మంది; ఒకరి మొహం మరొకరికి అడ్డు రాదు, ఏ ఇద్దరూ ఒక్కలా ఉండరు. చేతులు మడిచిన ఆ తల్లి ఆకారం ముందు మీసాల తండ్రి ఒదిగి కనిపిస్తాడు. మిల్లు ఆడవాళ్ళ నీడ ఆమెలో ఉందని నా ఊహ.

సంభాషణలన్నీ ఇంటి యాసలోనే. కెనడా, ఆస్ట్రేలియా వెళ్ళిపోయిన బంధువులకు ఈ పుస్తకాలు పార్సిల్ చేసి పంపడం అక్కడివాళ్ళకు అలవాటు. మా కోయంబత్తూరు తెలుగులో, మేము ఇంట్లో మాట్లాడుకునే మాటల్తో, అలాంటి పేజీ ఒక్కటి వారం వారం వచ్చి ఉంటే మా అమ్మాయి మన లిపి నేర్చుకుని ఉండేదేమో. తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. ఈ వ్యాసం కూడా నేనే చదివి వినిపించాలి. బ్రూన్స్ పుస్తకంలో సగం మాటలు దానికీ అర్థం కాలేదు. "బొమ్మలు చూస్తే తెలిసిపోతోంది కదా నాన్నా" అంటూనే ఆఖరి పేజీ దాకా చదివింది.

వాట్కిన్స్ 1969 ఆగస్టు 20న తన ఇంట్లో, బొమ్మలు గీసే బల్ల దగ్గరే పోయారు. ఆయన స్థానంలో మరొకరిని నిలబెట్టడానికి ఏడేళ్ళు పట్టింది. అంతవరకూ సండే పోస్ట్ ఆయన పాత పేజీలనే తిరిగి అచ్చు వేస్తూ వచ్చింది.