కిరీటాలు మూడే ఉన్నాయి!

ఆదివారం మా చర్చిలో సెమీ క్రిస్మస్. ఆటల బాధ్యత నా నెత్తిన పడింది. "అన్నా, మళ్లీ మ్యూజికల్ చైర్స్ పెట్టావో, మేం రాం" అని పిల్లలు ముందే తేల్చేశారు.

నిరుడు బైబిల్ క్విజ్‌లో ఒక ప్రశ్న భలే పేలింది. "బాలయేసును చూడ్డానికి తూర్పు నుంచి వచ్చిన జ్ఞానులు ఎంతమంది?" హాలంతా ఒకే గొంతుతో "ముగ్గురు!" మత్తయి 2వ అధ్యాయం తియ్యమన్నాను. బంగారం, సాంబ్రాణి, బోళం... కానుకలు మూడు. జ్ఞానుల లెక్క మాత్రం ఎక్కడా లేదు! సండే స్కూల్ చెప్పే పెద్దమ్మ కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివింది. "మరి నాటకంలో ముగ్గుర్నే ఎందుకు పెడుతున్నాంరా?"

"మన దగ్గర కిరీటాలు మూడే ఉన్నాయి పెద్దమ్మా!"

ఈసారి తంబోలా అనుకుంటున్నా. 1 నుంచి 90 దాకా అంకెలు, టికెట్‌కి 15. ఏడేళ్ల బుడ్డోడూ డెబ్బై ఏళ్ల తాతయ్యా సరిసమానంగా ఆడేది ఇదే. అంకె నేరుగా చెప్పను. "పాత నిబంధన పుస్తకాలెన్ని?" అంటాను. 39 అని తెలిసినవాళ్లే కొట్టేసుకోవాలి. "కొత్త నిబంధన?" 27. గెలిచినవాళ్లకి రోజ్ కేక్స్ డబ్బా.

చివర్లో క్రిస్మస్ ఫ్రెండ్ చీటీలు ఎలాగూ ఉంటాయి. నిరుడు నాకొచ్చిన కానుక గోడ గడియారం. ముందటేడు నేనిచ్చిందే. పైన చుట్టిన కాగితం కూడా మారలేదు!

మీ దగ్గర కొత్త ఆటలేమైనా ఉంటే కామెంట్లో పడేయండి. గడియారాలు మాత్రం వద్దు.