చూపు, తీర్పు

1811 సెప్టెంబరు 30న పారిస్‌లో ఆంగ్ల నవలాకారిణి ఫానీ బర్నీ కుడి రొమ్మును వైద్యులు తొలగించారు. శస్త్రచికిత్సకు మత్తుమందు రావడానికి ఇంకా 35 ఏళ్లున్నాయి. ఆ యాతనను ఆమె అక్క ఎస్తర్‌కు సుదీర్ఘ లేఖగా రాసింది. ఆ పైన మరి 28 సంవత్సరాలు జీవించింది. అది నిజంగా క్యాన్సరేనా? నాటి వైద్యులకు చేతివేళ్లే ఆధారం. ఆ ప్రశ్నకు నేటికీ కచ్చితమైన సమాధానం లేదు.

రెండు శతాబ్దాల తరువాత, ఆ లేఖ చదివిన ఒక తెలుగు స్త్రీ ఇంగ్లండులో ఎమ్మారై బల్లపై బోర్లా పడుకుంది. ఎడమ రొమ్ములో లోబ్యులర్ క్యాన్సర్ ఉన్నదని బయాప్సీ అప్పటికే తేల్చింది. ఈ రకంలో కణాలు గడ్డకట్టక, చీమల బారులా ఒకదాని వెనుక ఒకటి పాకుతాయి. మామోగ్రాంలో వాటి అసలు విస్తీర్ణం తరచు కనబడదు. ఎమ్మారైలో, నరంలోకి ఎక్కించిన గాడోలినియం మందు కణితి పెంచుకున్న కొత్త రక్తనాళాల నుండి త్వరగా బయటికి ఊరి, ఆ చోటును తెల్లగా వెలిగిస్తుంది.

ఎడమవైపు వెలుగు అనుకున్నదానికి రెట్టింపు మేర పరుచుకొని ఉన్నది. కుడివైపు కూడా ఒక చిన్న చుక్క మెరిసింది.

“రెండూ తీయించేసుకుందాం, భయం వదిలిపోతుంది,” అన్నాడు భర్త.

శస్త్రవైద్యురాలు తొందరపడలేదు. వెలిగినదల్లా క్యాన్సర్ కాదనీ, నిరపాయమైన గడ్డలూ, నెలసరి మార్పులూ కూడా అలాగే మెరుస్తాయనీ, సూదితో ముక్క తీసి చూడనిదే కుడి రొమ్ము జోలికి పోననీ చెప్పింది.

ఆ మాట వెనుక లెక్కలున్నాయి. 2019లో వెలువడిన నెదర్లాండ్స్ అధ్యయనంలో, మామోగ్రాంలో దోషమేమీ కనబడని, అతి సాంద్రమైన రొమ్ములున్న స్త్రీలలో కొందరిని ఎమ్మారైకి ఆహ్వానించారు. రెండు విడతల పరీక్షల నడుమ బయటపడిన క్యాన్సర్లు మిగిలినవారిలో వెయ్యికి 5, ఆహ్వానం అందుకున్నవారిలో 2.5. అయితే తొలి విడతలో ఎమ్మారై చేయించుకున్న ప్రతి వెయ్యిమందిలో దాదాపు 80 మంది లేని క్యాన్సర్ కోసం మళ్లీ పరీక్షలకు రావలసి వచ్చింది.

ఆమె పది రోజులు సరిగా నిద్రపోలేదు. చివరికి కుడివైపుది ఫైబ్రోఅడినోమా అని, హాని లేనిదని తేలింది. ఎడమ రొమ్మును పూర్తిగా తీసివేశారు. ముందనుకున్న చిన్న కోతతో సరిపెట్టి ఉంటే వ్యాధి లోపల మిగిలిపోయేది. ఒకే చిత్రం ఒకవైపు నిజం చెప్పింది, మరొకవైపు అనుమానం పెట్టింది. ఏది ఏదో చిత్రం తనంతట తాను చెప్పలేకపోయింది.

ఇంటికి వచ్చాక ఆమె బర్నీ లేఖను మళ్లీ చదివింది. కుడి రొమ్ము మీద సూది గుచ్చిన మచ్చ అప్పటికి మానిపోతోంది.