కళావరు ఆసు

చెన్నపట్టణమున మౌంటురోడ్డును ఆనుకొని క్లబ్ హౌస్ రోడ్డను వీధి నేటికిని కలదు. క్లబ్బు మాత్రము అచ్చట లేదు. 1832లో దొరలు తమకై స్థాపించుకొన్నదియు, ఆంగ్లశ్లేషను మన పేకాటవారి భాషలో చెప్పవలెనన్న ‘కళావరు ఆసు’ అని బిరుదు పొందినదియు నగు మద్రాసు క్లబ్బు ఆ వీధి ప్రక్కనే నూరేండ్లకు పైగా వెలిగినది. భారతీయుడు, ఎంతటి జమీందారైనను, అందు సభ్యుడు కాజాలడు. స్త్రీలు, దొరసానులైనను, కాజాలరు.

ఆ భవనముతో నాకొక చుట్టరికమున్నది. క్లబ్బువారు విడిచిన ఆ ఆవరణ ఇండియన్ ఎక్స్‌ప్రెస్ అధిపతి రామ్‌నాథ్ గోయెంకా వశము కాగా, దొరలు విందులారగించిన తావున ఆంధ్రప్రభ వెలువడసాగెను. నార్ల వెంకటేశ్వరరావుగారు సంపాదకులుగా నున్న ఆ కాలమున మా పెద్దనాన్నగారు అందు కంపోజిటరు. ఎచ్చట పనియని ఎవరడిగినను పాత అలవాటు చొప్పున ‘క్లబ్బులో’ అనెడివారట. ఊరివారు అది విని, పిల్లవాడు పట్నము పోయి పేకాటలో పడినాడని మా నాయనమ్మను ఓదార్చెడివారట. సెలవులకు వచ్చినప్పుడు ఆయన వ్రేళ్ళకొనలు సీసపు మసితో నల్లబడియుండుట నాకింకను జ్ఞాపకము. 1959లో పత్రిక బెజవాడకు తరలినది. ఇప్పుడచ్చట 2010లో తెరచిన ఎక్స్‌ప్రెస్ అవెన్యూ అను మహావిపణి నిలిచియున్నది. కదలుమెట్లపై మూడంతస్తులెక్కి దిగితిని గాని, పెద్దనాన్నగారి కేసుబల్ల ఏ దిక్కున నుండెడిదో ఊహింపజాలనైతిని.

క్లబ్బు తొలియిల్లు వీడి బ్రాన్సన్ బాగునకు మారినది. ఆ మజిలీని గూర్చి చెప్పదగినది కొంచెమే. 1963లో అడయారు క్లబ్బుతో కలిసిపోయి, పేరు తనది నిలుపుకొని, ఇల్లు దానిది గైకొనినది. మనవైపు ఇల్లరికపుటల్లుడు సైతము ఇంతకన్న లాభపడడు. స్వరాజ్యము వచ్చిన పదేండ్లకును భారతీయులకు తెరువని తలుపులు ఆ దశకముననే తెరువబడినవి.

ఆ మూడవ యింటికి మిత్రుని అతిథిగా పంచెకట్టుతోనే పోయితిని. పంచె కట్టినవారిని క్లబ్బులు అడ్డగింపరాదని 2014లో తమిళనాడు శాసనసభ చట్టము చేసియుండుటచే నాకు ధైర్యము. ద్వారమున నున్న కావలివాడును పంచెను గాక నా చెప్పులను చూచి ఊరకుండెను. కంపెనీవారి లెక్కల అధికారి జార్జి మౌబ్రే పదునెనిమిదవ శతాబ్దపు చివర అడయారు నది ఒడ్డున విశాలమైన తోటలో కట్టించుకొన్న తెల్లని సౌధమది. నడిమింట గుండ్రని శిఖరము. ఆయన పేరిటి మౌబ్రే రోడ్డు నేడు టి.టి.కె. రోడ్డు. దొరసానులకును చోటిచ్చిన అడయారు క్లబ్బు ఈ యింటనే వెలసినది గనుక, ఈ గోడలు మౌంటురోడ్డు గోడలకన్న కొంత ఉదారములే యని నా తలంపు.

నదివైపు వసారాలో పేము కుర్చీలలో కూర్చుంటిమి. పెద్దనాన్నగారి ముచ్చట విని మిత్రుడు బిగ్గరగా నవ్వి, మరల కాఫీ తెప్పించెను. వడ్డించువాడు చీటి తేగా నేను అలవాటున జేబు తడవుకొంటిని. “అతిథి డబ్బు ఇక్కడ చెల్లదండీ,” అని మిత్రుడు చీటిపై సంతకము గిలికెను.